వల వేసినా పెట్ట పోయింది: లోపం వలలోనా, పెంపకంలోనా?

పెరటిపెట్ట:
గూటి చుట్టూ వల ఉంది, తలుపుకు గొళ్లెం ఉంది. అయినా తెల్లవారి చూసేసరికి ఒక పెట్ట వల పక్కనే తల లేకుండా పడి ఉంది. ఒంటి మీద మరెక్కడా గాటు లేదు, వల చిరగలేదు, నేల తవ్విన జాడ లేదు. మిగిలినవన్నీ అడ్డకర్ర మీద క్షేమంగా ఉన్నాయి. ఇది దేని పని? గూటిలో ఏమి మార్చాలి?

ఇనుపజాలీ:
మీ వల ఆరు పలకల కన్నులున్న సన్నతీగ వల అయి ఉంటుంది. అది కోళ్లను లోపల ఉంచడానికే తప్ప, వచ్చే జంతువును బయట నిలపడానికి పనికిరాదు. కోడికి చీకట్లో చూపు సరిగా ఆనదు. వలకు ఆనుకుని పడుకున్న పెట్ట మెడను ముంగిసో పిల్లో కన్నులోంచి అందుకుని లాగితే తల మాత్రమే బయటికి వస్తుంది, ఒళ్లు లోపలే మిగులుతుంది. ఆ చోట తీగ మెలికల్లో ఈకలు చిక్కుకున్నాయేమో చూడండి. అరంగుళం కన్నులున్న వెల్డింగు జాలీ వేసి, దాని అంచును నేల మీద గూటి బయటికి ఒక అడుగు మేర పరచి మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే గోకుతుంది. కాలికి జాలీ తగిలితే అడుగు వెనక్కి వేసి అక్కడి నుంచి తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు.

గంపకింద:
పందికొక్కు కూడా కావచ్చు.

కొలబద్ద:
అరంగుళం అంటే తీగ మధ్య నుంచి తీగ మధ్యకా, లేక కన్ను లోపలి వెడల్పా? లావు తీగ అయితే ఈ రెండూ ఒకటి కావు.

నాటుపుంజు:
ఏ ప్రశ్న వచ్చినా ఈ వేదికలో జాలీయే జవాబు. అడ్డకర్రను వలకు దూరంగా జరిపి, రాత్రి మేతపళ్లెం బయట పెట్టకుండా ఉంటే సగం బెడద తీరుతుంది. మేత ఉన్నచోటికి ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. పగటిపూట ఒక మంచి పుంజు చేసే కాపలా ఏ జాలీ చేయలేదు. ఆకాశంలో గద్ద కనిపిస్తే అది వేసే కేక వేరు, నేల మీద కుక్కో పిల్లో వస్తే వేసే కేక వేరు. మొదటిది వినగానే పెట్టలు పొదల్లోకి దూరతాయి, రెండోది వింటే మెడలు నిక్కించి చూస్తాయి. ఇక్కడివారి మాట విని ఒకసారి నేనూ కోళ్లన్నిటినీ జాలీలో పెట్టాను. ఇరుకులో అవి ఒకదాని ఈకలు ఒకటి పీక్కుని, తోక మొదట్లో రక్తం కారేదాకా పొడుచుకున్నాయి. ఆ సలహా ఇచ్చినవారెవరూ తరువాత మాట్లాడలేదు.

ఇనుపజాలీ:
చోటు చాలకపోవడం జాలీ తప్పు కాదు. అసలు ప్రశ్న కన్ను పరిమాణం గురించి. అంగుళం కన్ను చాలునని మీరు గతంలో రాశారు. పిల్ల ముంగిస అందులో తల పెట్టగలదు, ఎలుకకైతే అది రహదారి.

నాటుపుంజు:
అంగుళం చాలునని నేను పెద్ద కోళ్ల విషయంలో రాశాను, పిల్లల విషయంలో కాదు. ఆ మాట దాచి సగం చెప్పడం న్యాయం కాదు.

కొలబద్ద:
నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇనుపజాలీ:
సరే, సూటిగా అడుగుతాను. మీ పుంజు కేక వేసిన తరువాత కూడా ఏడాదికి కొన్ని పెట్టలను గద్ద తన్నుకుపోతోందని మీరే రాశారు. అది పెంపకమా, గద్దలకు మేత వేయడమా?

నాటుపుంజు:
మీది పెంపకమా, జైలా? మట్టి గీరని, దుమ్ములో పొర్లని, పురుగును తరమని కోడి మీ లెక్కలో భద్రంగా ఉన్నట్టేనా? గద్దకు పోయినవి పోగా మిగిలినవి కోళ్లలా బతుకుతున్నాయి. ఆ నష్టం తెలిసే నేను వాటిని వదులుతున్నాను.

ఇనుపజాలీ:
నష్టమని మీరు తేలికగా అంటున్నారు. మా కోళ్లు పట్టపగలు పెరట్లో తిరుగుతుండగా పక్కింటి కుక్క దూరి, ఒక్కదాన్నీ తినకుండా అన్నిటినీ కొరికి పారేసింది. నక్క అయితే తినడానికి ఒకదాన్నైనా నోట కరుచుకుని పోయేది. కుక్కకు అది ఆట. దాని యజమాని, కోళ్లను కట్టడి చేసుకోవలసింది మీరే కదా అన్నాడు. అతని మీద కోపం ఇప్పటికీ పోలేదు, కానీ ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తెచ్చి పెంచుకున్నవాడు కాపాడాలి. ఎన్ని పోతే ఫరవాలేదో ముందుగా లెక్క వేసుకునే హక్కు మనకు లేదు.

నాటుపుంజు:
మొదటే ఈ మాట చెప్పి ఉంటే అంగుళాల గురించి ఇంతసేపు కొట్టుకునేవాళ్లం కాదు. మీకు జరిగినదానికి బాధగానే ఉంది. అయినా నేను ఒప్పుకోను. చావు రాకుండా చూడడమే కాపాడడం అయితే, బతికినన్నాళ్లు అది ఎలా బతికిందన్న ప్రశ్నకు చోటే ఉండదు.

గంపకింద:
తల్లికోడిని, పిల్లలను మాత్రం వదలకండి. గద్ద దాకా ఎందుకు, కాకి చాలు.

పెరటిపెట్ట:
తీగ మెలికల్లో ఈకలు ఉన్నాయి, సరిగ్గా పెట్ట పడి ఉన్నచోటే. అడ్డకర్రను గూటి మధ్యకు జరిపాను, నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా పాత వల మీదే వెల్డింగు జాలీ బిగిస్తున్నాను. రాత్రి సంగతి తేలింది. పగలు నేను ఇంట్లో ఉండను, మా దగ్గర పుంజు లేదు. అప్పుడు వదలవచ్చా?

ఇనుపజాలీ:
వదలవద్దు. గూటిని ఆనుకుని, పైన కూడా వల కప్పిన ఆవరణ కట్టండి. లోపల పొడిమట్టి, ఎండుటాకులు పోస్తే గీరుకోవడానికి, పొర్లడానికి చోటు దొరుకుతుంది.

నాటుపుంజు:
పైన కూడా వల కప్పాక అది కొంచెం పెద్ద గూడే అవుతుంది. సాయంత్రం మీరు ఇంటికి వచ్చాక, చీకటి పడేలోపు ఒక గంటైనా మీ కళ్లముందు బయట వదలండి. చీకటి పడితే వాటంతట అవే గూటికి చేరతాయి, మీరు లెక్కపెట్టుకుని గొళ్లెం వేసుకుంటే సరిపోతుంది.