కృష్ణదేవరాయల ప్రాజెక్టు: గుంపుకో అంశమా, గుంపుకో ఆధారమా?

ఆదివారం బడి
బెంగళూరు అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం తెలుగు తరగతి. 13–15 ఏళ్ళ పిల్లలు 24 మంది. ఐదు వారాలు, వారానికి 75 నిమిషాలు. విషయం శ్రీకృష్ణదేవరాయలు (పాలన 1509–1529). సగం మందికి తెలుగు చదవడం వచ్చు, మిగతావాళ్ళు మాట్లాడతారంతే. నిర్వాహకుల్లో రెండు వాదాలున్నాయి. యుద్ధాలు, సాహిత్యం, గుళ్ళు, పాలన అని నాలుగు అంశాలు పంచాలని కొందరు. అంశాలొద్దు, ఒక్కో గుంపు చేతికి ఒక్కో ఆధారం (హంపి శాసనం, పోర్చుగీసువాళ్ళు పేస్, నూనిజ్ ఇద్దరి రాతలు, రాయలే రాసిన ఆముక్తమాల్యద కావ్యం) ఇవ్వాలని కొందరు. మీరేమంటారు? మార్కులు ఎలా వెయ్యాలి?

శిలాక్షరం
ఆధారమేనండీ, రెండో మాట లేదు. అంశం ఇస్తే వచ్చేదేమిటో ఇప్పుడే చెప్పొచ్చు. ‘పాలన’ గుంపు వికీపీడియాలోంచి పది వాక్యాలు దింపుతుంది. ‘సాహిత్యం’ గుంపు ఎనిమిది మంది కవుల పేర్లు రాసి కింద తెనాలి రామకృష్ణుడి బొమ్మ అతికిస్తుంది. నాలుగు చార్టులూ గోడ మీద పక్కపక్కనే ఉంటాయి, ఒకదానితో ఒకటి పేచీ పడవు. పేచీ లేనిచోట పిల్లలకి ఆలోచించే పని ఉండదు.

ఆధారాలిస్తే పేచీ దానంతటదే వస్తుంది. తిమ్మరుసు సంగతే తీసుకోండి. డొమింగో పేస్ విజయనగరం చూసింది 1520 ప్రాంతంలో. అతని రాతల్లో తిమ్మరుసు రాజుగారికి కుడిభుజం. ఫెర్నావో నూనిజ్ రాసింది 1535–37 నాటికి, రాయలు పోయాక. అతని రాతల్లో తిమ్మరుసు కళ్ళు పీకించింది ఆ రాయలే. ఒక గుంపు ‘నమ్మకమైన మంత్రి’ అంటుంది, ఇంకో గుంపు ‘ద్రోహి అన్నారు’ అంటుంది. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. పేస్ రాసేనాటికి ఆ ఘటన ఇంకా జరగనే లేదు. ‘ఎవరు రాశారు’ కన్నా ‘ఎప్పుడు రాశారు’ ముందు అడగాలని పిల్లలకి ఇక్కడ తెలుస్తుంది.

ముక్కుసూటి
చదవడానికి బాగానే ఉంది మాస్టారూ. విజయనగరం పుట్టిన 1336 ముందో, తళ్ళికోట యుద్ధం జరిగిన 1565 ముందో తెలియని పిల్లాడి చేతిలో నూనిజ్ పెడితే ఏమవుతుంది? పేస్, నూనిజ్ ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని రాశారనుకుంటాడు. పైగా వాళ్ళిద్దరి రాతలూ మనకి దొరికేది రాబర్ట్ సెవెల్ 1900లో అచ్చేసిన ఇంగ్లీషులో. ఆ వాక్యాలు పెద్దవాళ్ళకే ఊపిరాడనివ్వవు. మొదటి వారమే గుంపులో చదవగలిగే పిల్ల ఒక్కతే చదువుతుంది, మిగతా ఐదుగురూ ఆమె నోరు చూస్తూ కూర్చుంటారు. అంశాల పద్ధతిలో కనీసం అందరికీ కథ తెలుస్తుంది.

శిలాక్షరం
కాలక్రమం గురించి మీరన్నది నిజం, ఒప్పుకుంటున్నాను. అందుకే మొదటి వారం ఆధారం ముట్టుకోకూడదు. ఏడు మీటర్ల తాడు కట్టండి, ఏడాదికి 10 సెంటీమీటర్ల లెక్కన 1500 నుంచి 1570 దాకా. కార్డులు: 1509 పట్టాభిషేకం, 1514 ఉదయగిరి, 1515 కొండవీడు, 1520 రాయచూరు యుద్ధం, అదే చోట పేస్, 1529 రాయల మరణం, 1535–37 నూనిజ్, 1537 కెంపేగౌడ బెంగళూరు, 1565 తళ్ళికోట. ఎనిమిది తొమ్మిది చాలు, ఇరవై పెడితే ఎవరూ చూడరు. 1336 కార్డు ఎక్కడ పెట్టాలో పిల్లల్నే కొలవమనండి. 1500కి 16 మీటర్ల 40 సెంటీమీటర్లు వెనక్కి వెళ్ళాలి, అంటే తలుపు దాటి లిఫ్టు దగ్గరికి. ఆ నడకతో రాయల ముందు సామ్రాజ్యానికి ఎంత వయసుందో కాళ్ళకే తెలిసిపోతుంది.

భాష సంగతి. సెవెల్ పుస్తకం చేతికివ్వకండి. ఒక్కో ఆధారానికి ఒక్క పేజీ, 250 మాటలు మించకుండా, మీరే తేలిక తెలుగులో రాసివ్వండి. మాటలు మార్చొచ్చు గాని అంకెలు, పేర్లు, పొగడ్తలు మార్చకూడదు. పేజీ కింద నాలుగే ప్రశ్నలు: ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరి కోసం, వాళ్ళకి కనిపించే అవకాశం లేనిదేమిటి. నాలుగో ప్రశ్నకే ఎక్కువ సమయం పడుతుంది, పట్టనివ్వండి.

చదివేవారు, రాసేవారు, అడ్డుప్రశ్న వేసేవారు అని పనులు పంచి, ప్రతి పావుగంటకీ మార్చండి. ‘ఒక్కతే చదువుతుంది’ అన్న జబ్బుకి మందు అదే.

పద్యాల పిచ్చి
ఆముక్తమాల్యద గుంపు గురించి నాదో మాట. ‘దేశభాషలందు తెలుగు లెస్స’ ఒక్కటే ఇచ్చి వదిలేస్తే అది నినాదం, ఆధారం కాదు. ఆ పద్యం దగ్గర్లోనే రాయల కలలో కనిపించిన ఆంధ్రవిష్ణువు (శ్రీకాకుళం దేవుడు) తాను తెలుగు రాయణ్ణంటూ, రాయల్ని ‘కన్నడరాయ’ అని పిలుస్తాడు. అదీ పేజీలో ఉండాలి. బెంగళూరు పిల్లలు బళ్ళో కన్నడ చదువుతున్నారు, రేపు బస్సులో ‘మీ రాజా, మా రాజా’ అని ఎవరో అంటారు. అప్పుడు గొంతు పెంచాల్సిన పని లేకుండా ఈ ఒక్క పిలుపు గుర్తుంటే చాలు.

ఇంకోటి. నాలుగో ఆశ్వాసంలోని రాజనీతి చూసి పిల్లలు ‘రాయలు ఇలా పాలించాడు’ అని రాసేస్తారు. అది ఆ కావ్యంలో యామునాచార్యుడు కొడుక్కి చెప్పిన నీతి, అంటే ఎలా పాలించాలో. రేవులు బాగు చేసి గుర్రాలు, ఏనుగులు తెచ్చే వర్తకుల్ని ఆదరించమని అందులో ఉంది. 1510లో పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నారు, గుర్రాల వ్యాపారం వాళ్ళ చేతికి పోయింది. రెండూ పక్కపక్కన పెడితే సలహా వెనక అవసరం కనిపిస్తుంది.

అష్టదిగ్గజాల జాబితా కూడా అలాగే మింగించకండి. ఆ జాబితాలోని రామరాజభూషణుడి వసుచరిత్ర తర్వాతి కాలపు తిరుమలరాయలకి అంకితం, కృష్ణరాయలకి కాదు. ఎనిమిది మందీ ఒకే కొలువులో కూర్చున్నారన్నది పిల్లలు పరీక్షించాల్సిన మాట.

వరహా
నాణెం మరిచిపోయారు. రాయల బంగారు వరహా సుమారు 3.4 గ్రాములు. ఒకవైపు బాలకృష్ణుడు, రెండోవైపు నాగరి లిపిలో ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’. హంపిలో కృష్ణాలయం కట్టించింది ఉదయగిరి నుంచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. నాణెం, గుడి, ఆ గుడిలోని శాసనం మూడూ ఒకే గెలుపు దగ్గరికి చేరతాయి. ఫొటో పెద్దగా ప్రింటు తీసి, పక్కన 3.4 గ్రాముల బియ్యం తూచి పెట్టండి. ఇంత చిన్నదా అంటారు.

ముక్కుసూటి
సరే, పేజీలు తయారయ్యాయనుకుందాం. నాలుగు గుంపులు నాలుగు ఆధారాలు చదివాయి. నూనిజ్ గుంపుకి శాసనం గురించి సున్నా. ఇది మీ పద్ధతిలో పెద్ద చిల్లు.

శిలాక్షరం
మూడో వారం గుంపులు కలిపెయ్యాలి. నాలుగు ఆధారాలు, ఆధారానికి ఆరుగురు. ఇప్పుడు ఆధారానికొకరు చొప్పున నలుగురితో ఆరు కొత్త గుంపులు. ఎవరి ఆధారం వాళ్ళు నాలుగు నిమిషాల్లో మిగతా ముగ్గురికీ చెప్పాలి. ఎవరైనా రాకపోతే గుంపుల సంఖ్య తగ్గించండి. ఒకే గుంపులో ఒక ఆధారానికి ఇద్దరుంటే నష్టం లేదు, ఎవరూ లేకపోతేనే నష్టం.

నాలుగో వారం అందరికీ రెండే పనులు. మొదటిది తేదీ. రాయచూరు యుద్ధం 1522 మే నెలలో అని నూనిజ్ రాశాడు. సెవెల్ అతనిచ్చిన వారం, అమావాస్య లెక్క కట్టి 1520 మే 19 శనివారం అని తేల్చాడు. పిల్లలు జూలియన్ క్యాలెండర్ (అప్పటి యూరప్ లెక్క) పెట్టి వారం సరిచూడాలి. ఇప్పటి గ్రెగోరియన్‌లో చూస్తే వారం తప్పుతుంది, సగం మంది అక్కడే పడతారు. శాసనంలోనూ ఇదే చిక్కు. హంపి శాసనం శుక్ల నామ సంవత్సరం, మాఘ మాసం. శుక్ల మొదలైంది 1509లో కాబట్టి శాసనమూ 1509 అనేస్తారు. మాఘం ఆ సంవత్సరం చివర్లో, జనవరి–ఫిబ్రవరిలో వస్తుంది కాబట్టి అది 1510.

రెండోది అంకె. రాయచూరు మీదికి 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు వెళ్ళాయని నూనిజ్ లెక్క. మనిషికి రోజుకి అరకిలో బియ్యం వేసుకున్నా 351 టన్నులపైనే. బండికి 500 కిలోలనుకుంటే రోజుకి 703 ఎడ్లబళ్ళు, గుర్రాల గడ్డి ఇంకా కలపలేదు. నమ్మాలా వద్దా అని మీరు చెప్పకండి, బళ్ళ వరస ఎంత పొడవుంటుందో లెక్క కట్టమనండి.

ముక్కుసూటి
బళ్ళ లెక్క బాగుంది. మార్కుల దగ్గర మాత్రం నేను తగ్గను. గుంపుకంతా ఒకే మార్కు ఇస్తే పని చేసినవాడు ఏడుస్తాడు, చెయ్యనివాడు నవ్వుతాడు.

శిలాక్షరం
20కి 8 గుంపు పేజీకి, 12 ఒక్కొక్కరికి. ఆ 12 ఐదో వారం నోటిమాటగా. తన ఆధారం మీద ఒక ప్రశ్న, పక్కవాళ్ళు చెప్పిన ఆధారం మీద ఒక ప్రశ్న, మనిషికి రెండు నిమిషాలు. 24 మందికి 48 నిమిషాలు, మీ 75లో పడుతుంది. ఫోన్లో తయారైన వ్యాసం చదివి వచ్చినవాళ్ళు రెండో ప్రశ్నకి దొరికిపోతారు.

ఆదివారం బడి
తాడు, బళ్ళు ఖాయం. ఒక సందేహం. వీరనరసింహుడు పోతూ తమ్ముడి కళ్ళు తీయించమంటే తిమ్మరుసు మేక కళ్ళు చూపించి కాపాడాడని నూనిజ్ పేజీలో వస్తుంది. 13 ఏళ్ళవాళ్ళకి అది ఉంచాలా, తీసెయ్యాలా?

పద్యాల పిచ్చి
ఉంచండి మేడం. పేజీ పైన ఆ కథ, కింద తిమ్మరుసు కళ్ళు పోయిన కథ పెట్టండి. కాపాడినవాడి కళ్ళే పోయాయి, రెండూ ఒకే మనిషి రాసినవి. హంపి శాసనంలో మేక కళ్ళ ఊసే లేదు. ‘ఇది బజార్లో విన్న కథా?’ అని అడ్డుప్రశ్న వేసేవాళ్ళు అడిగే దాకా మీరు నోరు విప్పకండి.