గ్లూకోజ్ లేని బ్లాంక్ కూడా నీలం తిరుగుతోంది, నానోజైమ్‌ల (ఎంజైమ్‌లా పనిచేసే నానోకణాల) మీద పనిచేసేవాళ్లు చెప్పండి

ఉప్పుగాలి (విశాఖపట్నం):
మాగ్నటైట్ (ఇనుప ఆక్సైడ్) నానోకణాలతో గ్లూకోజ్ టెస్ట్ పెడుతున్నామండి. పీహెచ్ 4 అసిటేట్ బఫర్‌లో గ్లూకోజ్ ఆక్సిడేజ్ (గ్లూకోజ్ నుంచి పెరాక్సైడ్ పుట్టించే ఎంజైమ్), కణాలు, టీఎంబీ (ఆ పెరాక్సైడ్‌తో కణాలు నీలంగా మార్చే పదార్థం), శాంపిల్ అన్నీ ఒకేసారి కలిపి 652 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తున్నాం. బ్లాంక్ 20 నిమిషాల్లో నీలమైపోతోంది. 1 మిల్లీమోలార్‌కీ 5కీ తేడా అంతంతమాత్రం. కణాలు ఫెర్రిక్, ఫెరస్ క్లోరైడ్ 2:1లో కలిపి అమ్మోనియాతో చేసినవే. ఎక్కడ తేడా కొడుతోంది?

క్యువెట్:
మీవి రెండు వేర్వేరు జబ్బులు.

గ్లూకోజ్ ఆక్సిడేజ్‌కి పీహెచ్ 5.5 నుంచి 7 వరకు బాగుంటుంది, 4 దగ్గర నీరసపడుతుంది. మాగ్నటైట్‌కేమో 4 దగ్గరే ఊపు. ఇద్దర్నీ ఒకే గొట్టంలో కూర్చోబెడితే ఎలా? ముందు పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్‌లో శాంపిల్, ఎంజైమ్ కలిపి 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచండి. తర్వాతే 0.2 మోలార్ అసిటేట్, కణాలు, టీఎంబీ వేయండి. ఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్ దాటనివ్వద్దు. అది ఇనుము ఉపరితలానికి అంటుకుని పని చెడగొడుతుంది, పీహెచ్‌నీ 4కి దిగనివ్వదు.

ఇక బ్లాంక్. కణాల్ని అదే బఫర్‌లో 30 నిమిషాలు నానబెట్టి, అయస్కాంతంతో లాగేసి, పైతేటకు టీఎంబీ, పెరాక్సైడ్ కలపండి. నీలం వస్తే పనిచేస్తున్నది కణం కాదు, కరిగి బయటికొచ్చిన ఇనుము. 10 నానోమీటర్ల లోపు కణాలు అయస్కాంతానికి సరిగా రావు కాబట్టి 10 కిలోడాల్టన్ ఫిల్టర్ (కణాల్ని ఆపి, కరిగిన ఇనుముని వదిలేది) వాడితే నమ్మకం. ఇంకో గొట్టంలో కణాలు లేకుండా టీఎంబీ, బఫర్ మాత్రమే ఉంచండి. అదీ నీలమైతే టీఎంబీయే వెలుతురుకి పాడైనట్టు.

తూనికరాయి:
విశాఖ తేమకి ఫెర్రిక్ క్లోరైడ్ సీసా మూత వదులైతే చాలు, పలుకులు గోధుమరంగు పాకంలా అయిపోతాయి. తూకంలో నీళ్లే ఎక్కువ, ఇక 2:1 ఎక్కడిది? ఫెరస్ ద్రావణంలోకి నైట్రోజన్ 20 నిమిషాలు పంపాకే అమ్మోనియా వేయాలి. పొడి నల్లగా ఉండాలి, గోధుమ ఛాయ వస్తే ఆక్సిడైజ్ అయినట్టే.

పెరాక్సైడ్‌నీ నమ్మొద్దు. 30 శాతం సీసాని వెయ్యి రెట్లు పలచన చేసి 240 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ చూడండి, 0.43 దాకా రావాలి. 2007లో షియున్ యాన్ బృందం ఇచ్చిన లెక్కలో పెరాక్సైడ్‌కి మాగ్నటైట్ కేఎమ్ (సగం వేగం రావడానికి కావలసిన గాఢత) 154 మిల్లీమోలార్, సహజ ఎంజైమ్ హార్స్‌ర్యాడిష్ పెరాక్సిడేజ్‌ది 3.7. గ్లూకోజ్ నుంచి పుట్టే కాస్త పెరాక్సైడ్‌తో సిగ్నల్ చిన్నగానే ఉంటుంది మరి.

ఉప్పుగాలి:
పైతేట నీలమే వచ్చిందండి! మళ్లీ కడుగుతాం. తర్వాత సీరమ్‌లో చేయొచ్చా? మందుగా వాడే అవకాశం గురించి కూడా థీసిస్‌లో రాద్దామనుకుంటున్నాం.

క్యువెట్:
సీరమ్‌లో విటమిన్ సి, యూరిక్ యాసిడ్ ఆ నీలాన్ని మళ్లీ రంగులేకుండా చేసేస్తాయి, రీడింగ్ తక్కువ చూపిస్తుంది. పది రెట్లు పలచన చేసి, తెలిసిన గ్లూకోజ్ కలిపి ఎంత తిరిగొస్తుందో చూడండి.

మందు మాట వేరు. పీహెచ్ 7.4 దగ్గర ఇవే కణాలు కెటలేజ్ ఎంజైమ్ వేషం కట్టి పెరాక్సైడ్‌ని నీళ్లు, ఆక్సిజన్‌గా విడగొడతాయి. లైసోజోమ్ (జీవకణంలోని జీర్ణసంచి) ఆమ్లంలోకి వెళ్తే జీవకణాన్ని దెబ్బతీసే హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టిస్తాయి. టీఎంబీ నీలం చూసి థీసిస్‌లో ‘చికిత్స’ అన్న మాట వాడకండి.