ఫ్రాంటియర్ క్యాంపులో ఐస్ బాక్స్ దాచిపెట్టుకోవచ్చా?

కట్టెలమోపు (ఇండియానా):

అందరికీ నమస్తే. మా క్యాంపులో రెండేళ్ళుగా తెగని గొడవ ఒకటుంది, మీ అభిప్రాయం కావాలి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఫ్రాంటియర్ అంటే అమెరికాలో తెల్లవాళ్ళ వలస ఊళ్ళకి అంచున ఉన్న ప్రాంతం. 1750ల నాటి బట్టలు వేసుకుని, కాన్వాస్ డేరాలు కట్టుకుని, మూడు రోజులు కట్టెల మంట మీదే వండుకుంటూ, అప్పటి బతుకు ఎలా ఉండేదో చూడ్డానికి వచ్చినవాళ్ళకి చూపిస్తాం. అమెరికాలో ఇలాంటివి చాలా జరుగుతాయి. ఇక్కడి పర్డ్యూ యూనివర్సిటీలో చదివిన మనవాళ్ళు 'ఫీస్ట్ ఆఫ్ ది హంటర్స్ మూన్' చూసే ఉంటారు. 1717లో ఫ్రెంచివాళ్ళు వాబాష్ నది ఒడ్డున పెట్టిన వియాటెనాన్ కోట జ్ఞాపకంగా 1968లో మొదలైంది అది. మాది చాలా చిన్న క్యాంపు, వేరే ఊరు.

మా రూలు ఏంటంటే, ఐస్ బాక్స్ తెచ్చుకోవచ్చు గానీ బయటికి కనపడకూడదు. కాన్వాస్ కప్పి డేరా లోపల పెట్టాలి. ఈసారి కొందరు పెద్దవాళ్ళు అసలు బాక్సే వద్దంటున్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. రెండేళ్ళ కిందట మేం వెళ్ళిన ఇంకో క్యాంపులో పచ్చి కోడిమాంసం గుడ్డలో చుట్టి నీడలో వేలాడదీశారు. "అప్పట్లో ఇలాగే చేసేవాళ్ళు" అన్నారు. ఆ రాత్రి మా చిన్నాడికి వాంతులు పట్టుకున్నాయి. తెల్లవారేదాకా డేరా బయట వాడి తల పట్టుకుని కూర్చున్నాను. పచ్చి మాంసం 4 నుంచి 60 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య 2 గంటలకు మించి ఉండకూడదని, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువని ఇక్కడి వ్యవసాయ శాఖ ఎప్పటినుంచో చెబుతోంది. ఆ కాలంలో కోడిని కోసిన పూటే తినేవాళ్ళు. మనం షాపులో కొని, మూడు గంటలు కారులో తెచ్చి, ఇంకో రోజు ఉంచుతున్నాం. రెండూ ఒకటెలా అవుతాయి?

నివురు (కొలరాడో):

అన్నా, బాబు విషయం చదివి బాధేసింది. కానీ నా మాట వేరు. అక్కడ తప్పు ఐస్ లేకపోవడం కాదు, పచ్చి కోడి ఉండటం.

మేం ఇక్కడ బొచ్చు వ్యాపారుల కాలం చేస్తాం, అంటే జంతువుల బొచ్చు తోళ్ళు కొని అమ్మేవాళ్ళ కాలం. 1825 నుంచి 1840 దాకా దాదాపు ఏటా ఒకసారి కొండల్లో వేటగాళ్ళంతా కలిసేవాళ్ళు. మొదటిది హెన్రీస్ ఫోర్క్ వాగు దగ్గర, విలియం ఆష్లీ అనే బొచ్చు వ్యాపారి పెట్టించాడు. బొచ్చు ఇచ్చి పిండి, పంచదార, కాఫీ గింజలు, మందుగుండు తీసుకునేవాళ్ళు. అయిపోతే మళ్ళీ వచ్చే ఏడాదే. ఆ లెక్కన బతికిన మనుషుల తిండి ఎలా ఉంటుంది? ఎండబెట్టిన మాంసం, వేటాడితే తాజా మాంసం. అక్కడి అడవిదున్న (బైసన్) మాంసాన్ని ఎండబెట్టి, దంచి, కరిగించిన కొవ్వులో కలిపి పెమికన్ చేసేవాళ్ళు. నెలల తరబడి ఉండేది.

బాక్స్ కాన్వాస్ కింద ఉన్నా, అందులో ఉన్నది కుండలోకి వస్తుంది కదా. చూడ్డానికి వచ్చిన పిల్ల "ఏం వండుతున్నారు?" అని అడిగితే మసాలా పట్టించిన బోన్‌లెస్ చికెన్ చూపిస్తాం. ఆ పిల్ల తప్పు నేర్చుకుని వెళ్తుంది. నా గొడవంతా అదే. ఐస్ తీసేస్తే వంటే మారిపోతుంది. అప్పుడు అప్పటివాళ్ళు ఎందుకు ఎండబెట్టారో, ఎందుకు ఉప్పేశారో మన చేతులకి అర్థమవుతుంది.

మా అమ్మమ్మ ఒట్టి తునకలు చేసేది. మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పు పసుపు రుద్ది, మిద్దె మీద దండెం కట్టి ఆరేసేది. కాకులు రాకుండా నన్ను కాపలా పెట్టేది. ఫ్రిజ్ లేని ఇంట్లో అది వేడుక కాదు, అవసరం. ఇక్కడి పాత బొచ్చు వ్యాపార కోట బెంట్స్ ఫోర్ట్‌లో తీగ మీద వేలాడే మాంసం ముక్కలు మొదటిసారి చూసినప్పుడు నాకు మా మిద్దే గుర్తొచ్చింది.

ఊదుడుగొట్టం (టెక్సాస్):

మీ ఇద్దరూ బాక్స్ గురించి కొట్టుకుంటున్నారు. నేను పొయ్యి గురించి అడుగుతాను. మీ క్యాంపుల్లో ఆ మంట ముందు కూర్చునేది ఎవరు?

మా నాయనమ్మ యాభై ఏళ్ళు కట్టెల పొయ్యి మీద వండింది. వానాకాలం తడి కట్టెలు అంటుకోక, గొట్టంతో ఊది ఊది, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే చీర చెంగుతో తుడుచుకుంటూనే అన్నం వార్చేది. 1999లో దీపం పథకం వచ్చి మా ఇంటికి గ్యాస్ సిలిండర్ చేరాక, ఆ పొయ్యి మళ్ళీ వెలిగించలేదు. పండక్కి కూడా. దానికామె ఒకటే అంది: "నా కళ్ళు నాకు తిరిగొచ్చినయ్యి." అందుకే పొగని అందంగా చూపించే ఏ వేడుకన్నా నాకు గుచ్చుకుంటుంది.

నేను రెండు క్యాంపులకి వెళ్ళాను. రెండు చోట్లా మగవాళ్ళు తుపాకులు తుడుచుకుంటూ కూర్చున్నారు, ఆడవాళ్ళు పొగలో ఉన్నారు. చరిత్ర అలా చెప్పదు. పడవల మీద బొచ్చు మోసిన ఫ్రెంచి కూలీలు ఎండు బఠాణీయో మొక్కజొన్నో కొవ్వు వేసి ఒకే కుండలో తామే వండుకునేవాళ్ళు. వాళ్ళలో ఒక రకానికి 'పందికొవ్వు తినేవాళ్ళు' అనే పేరే ఉండేది. నిజంగా ఆ కాలం చూపించాలంటే ముందు గరిటె మగవాళ్ళ చేతికివ్వండి. ఐస్ సంగతి తర్వాత.

ఇంకొకటి. పాలిస్టర్ లంగాలు వేసుకుని మంట దగ్గరికి పోవద్దు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఉన్ని త్వరగా అంటుకోదు. నూలు బట్ట అంటుకుంటుంది, కాబట్టి కుచ్చిళ్ళు ఎగదోపుకోవాలి.

వాబాష్ ఒడ్డు:

నూలు బట్ట అన్నారు కాబట్టి ఒక మాట. మన కోరమండల్ తీరం నుంచి, మచిలీపట్నం లాంటి రేవుల నుంచి యూరప్ వెళ్ళిన అద్దకం బట్టలకి ఎంత గిరాకీ అంటే, ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించి 1759 దాకా సడలించలేదు. ఆ కాలం వేషం కడుతున్న తెలుగువాళ్ళకి ఇది తెలియాలి.

అసలు విషయానికొస్తే, 'ఫ్రాంటియర్' అనేది ఒక వైపు నుంచి చూసిన పేరు. వియాటెనాన్ దగ్గర వీయా అనే మూలవాసీ ప్రజల ఊళ్ళు ఉండేవి, పక్కనే వాళ్ళ మొక్కజొన్న పొలాలు. 1791లో కెంటకీ సైనికులు వచ్చి ఆ ఊళ్ళనీ పంటనీ తగలబెట్టారు. కుండలో పడ్డ మొక్కజొన్న ఎవరిదో చెప్పకుండా కుండ మాత్రమే చూపించడం సరికాదు.

మొక్కజొన్నని బూడిద నీళ్ళలో ఉడకబెట్టి, పొట్టు రుద్ది తీసేసి తినడం ఇక్కడి మూలవాసీ స్త్రీలు నేర్పిన విద్య. అలా చేస్తేనే అందులోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఆ పద్ధతి వదిలేసి ఉత్త మొక్కజొన్న మీదే బతికినవాళ్ళకి తర్వాత పెల్లాగ్రా వచ్చింది, ఆ విటమిన్ లోపంతో వచ్చే జబ్బు. జొన్నలే ప్రధానంగా తినే దక్కన్ పేదల్లో అదే జబ్బు కనిపిస్తే హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధకులు 1960 ప్రాంతంలో దాని మీద పనిచేశారు. ఐస్ బాక్స్ కన్నా ఈ బూడిద నీళ్ళ కథ వెయ్యి రెట్లు విలువైంది. ఇది చెప్పండి జనానికి.

కట్టెలు మాత్రం క్యాంపు దగ్గరే కొనండి. యాష్ అనే చెట్లని చంపే పచ్చ పురుగు 2002లో మిషిగన్‌లో బయటపడి, 2004కల్లా ఇండియానా చేరింది. అది దూరాలకి ఊరు మారేది ఎక్కువగా మనం కారులో వేసుకెళ్ళే కట్టెలతోనే.

కట్టెలమోపు:

నివురు గారూ, మీ మాటలో బలం ఉంది. కోడి లేకపోతే ఐస్ అవసరమే సగం పోతుందన్నది నాకు తట్టలేదు. నిన్న పెరట్లో ప్రయత్నించాను. ఓక్ కట్టెల బూడిద నీళ్ళు వడకట్టి, ఎండు మొక్కజొన్నలు వేసి ఉడికించాను. రెండు గంటలకి గింజ పసుపు ముదిరింది. వేళ్ళ మధ్య నలిపితే పొట్టు పల్చటి కాగితంలా జారిపోయింది. నాలుగైదు నీళ్ళు మార్చి కడిగేదాకా సబ్బు జారుడు పోలేదు. మా అమ్మాయి ఒక గింజ నోట్లో వేసుకుని, "నాన్నా, దీనికి వాసనుంది" అంది. ఉంది నిజంగానే, తడిసిన సున్నం వాసన.

రొట్టె కూడా చేశాను. మూడు కాళ్ళ ఇనుప గుండిగ, అంచున్న మూత. కింద నిప్పులు తక్కువ, మూత మీద ఎక్కువ. మంట మీద కాదు, కణకణలాడే నిప్పుల మీద. మూత కొక్కెంతో వంకరగా ఎత్తాను, బూడిదంతా రొట్టె మీద పడింది. మళ్ళీ చేశాను. ఈసారి మూతని తిన్నగా ఎత్తి, పక్కకి జరిపి పెట్టాను. పైన గోధుమ రంగు, కింద మాడలేదు.

అయినా పసిపిల్లల పాలకి, ఇన్సులిన్ వాడేవాళ్ళకి బాక్స్ ఉండాల్సిందే. దీని మీద నేను వెనక్కి తగ్గను.

నివురు:

పాలకీ మందులకీ ఎవరడ్డం చెప్తారన్నా. నా అభ్యంతరం పచ్చి మాంసానికే. శనివారం జనం చూసే పూట కుండలో మొక్కజొన్న, ఎండు బీన్స్, ఉప్పు మాంసం ఉండాలి. ఆదివారం సాయంత్రం జనం వెళ్ళాక ఏం తిన్నా నాకు పట్టింపు లేదు.

ఊదుడుగొట్టం:

నాకు పట్టింపు ఉంది, కానీ అది బాక్స్ మీద కాదు. కట్టెలమోపు గారూ, రొట్టె మీరే చేశారని చదివాను. సంతోషం. శనివారం జనం ముందు కూడా మీరే చేస్తారా, లేక పెరట్లో వరకేనా?

కట్టెలమోపు:

శనివారం నేనూ, ఇంకో ఇద్దరు మగవాళ్ళూ పొయ్యి దగ్గర ఉంటాం. మా ఆవిడకి ఆ పూట తుపాకీ కాల్చడం చూపించే పని ఇచ్చాం, తనే అడిగింది.

ఒక సందేహం నివురు గారూ. ఇక్కడ సెప్టెంబర్‌లో గాలిలో తేమ ఎక్కువ. మిద్దె ఎండ లేదు. ఒట్టి తునకలు ఎలా చేయాలి?

నివురు:

తేమలో దండెం మీద ఆరేయకండి, బూజు పడుతుంది. ఇంట్లోనే చేసి తీసుకెళ్ళండి. కొవ్వు పూర్తిగా తీసేసి పావు అంగుళం మించకుండా పల్చగా కోయండి. ముందు ముక్క లోపలి వేడి 71 డిగ్రీల సెంటీగ్రేడ్ చేరేదాకా ఓవెన్లో ఉంచి, తర్వాత తక్కువ వేడి మీద ఆరబెట్టండి. వంచితే పగులు కనపడాలి, పుటుక్కున విరగకూడదు. మా అమ్మమ్మకి థర్మామీటర్ లేదు, కానీ అనంతపురం ఎండ ఉండేది. మీకు ఆ ఎండ లేదు కాబట్టి ఓవెన్ వాడుకోండి, వచ్చినవాళ్ళు అడిగితే ఓవెన్లో చేశామనే చెప్పండి.