నడివయసులో మొదటి గుర్రం: చూడటం, ఎంచుకోవడం (చర్చ)

కొత్తరౌతు:
సభ్యులందరికీ నమస్కారం. నేను హైదరాబాదు శివార్లలో, మొయినాబాదు వైపు ఉంటాను. నలభై దాటిన తరువాత స్వారీ నేర్చుకున్నాను. నడక, ట్రాట్ (నడకను మించిన జోరు) ఇబ్బంది లేకుండా సాగుతాయి కానీ, కాంటర్‌లో (ట్రాట్ కంటే వేగమైన పరుగులో) ఇంకా పగ్గాల మీద వేలాడుతున్నానని మా శిక్షకులు అంటారు. సొంత గుర్రం కొనాలన్న కోరిక బలపడటంతో రెండింటిని చూడటానికి మాట్లాడుకున్నాను. ఒకటి మలక్‌పేటలో పందేలు మానిపించిన ఐదేళ్ళ థరోబ్రెడ్ (పందేలకు పెంచే జాతి). బీజాలు తీసిన మగగుర్రం, ఎత్తు 64 అంగుళాలు, ధర అనుమానం కలిగించేంత తక్కువ. రెండోది రాజస్థాన్ నుంచి తెచ్చిన 62 అంగుళాల మార్వాడీ ఆడగుర్రం. అది పంచకల్యాణి (నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లనివి) అనీ, కంఠం మీద శుభమని నమ్మే దేవమణి సుడి ఉందనీ చెప్పి మొదటిదానికి ఎన్నో రెట్లు అడుగుతున్నారు. నా బరువు 78 కిలోలు. గుర్రం దగ్గరకు వెళ్ళాక ముందుగా ఏమి చూడాలో, ఏయే మాటలకు లొంగకూడదో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాత_రిసాల్దారు:
మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. కాంటర్‌లో పగ్గాల మీద వేలాడే రౌతుకు పందేల నుంచి నేరుగా వచ్చిన గుర్రం సరిపడదు. పందెంలో జాకీ పగ్గాలు బిగించి పట్టినప్పుడు గుర్రం ఆ పట్టు మీద ఆనుకుని ఇంకా జోరందుకోవడం అలవాటు చేసుకుంటుంది. మీరు ఆపుదామని లాగేకొద్దీ అది వెళ్ళమన్నారనుకుంటుంది. ఇంకొకటి గమనించండి. పందెపు గుర్రం నడుస్తూ ఉండగానే జాకీని ఎత్తి జీను మీద కూర్చోబెడతారు కాబట్టి, మీరు రికాబులో కాలు పెట్టేదాకా కదలకుండా నిలబడాలన్న సంగతి దానికి ఎవరూ నేర్పి ఉండరు. ఇవన్నీ మార్చవచ్చు, నేను మార్చాను కూడా. అయితే అది కొత్తవారు చేసే పని కాదు. మొదటి గుర్రానికి ఎనిమిది నుంచి పదిహేనేళ్ళ వయసు, నిదానమైన స్వభావం, చాలామంది చేతుల్లో నలిగిన అనుభవం ఉండాలి. జాతి, రంగు, ఎత్తు ఆ తరువాతి మాటలు.

ఇక చూడటానికి వెళ్ళే విషయం. గుర్రాన్ని ముందే పట్టి, కడిగి, జీను వేసి ఉంచవద్దని అమ్మేవారికి చెప్పండి. చెప్పిన వేళ కంటే కాస్త ముందే వెళ్ళి, చేరగానే ఛాతీ మీద, జీను పట్టీ ఆనే చోట చెయ్యి వేసి చూడండి. అక్కడ వెచ్చగా, చెమటగా ఉంటే మీరు రాకముందే దానిని తిప్పి అలసట పెట్టారన్నమాట. లాయంలో అది మిమ్మల్ని ఎలా పలకరిస్తుందో, సాయిస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) దాని కాళ్ళెత్తితే ఏమి చేస్తుందో, జీను పట్టీ బిగించేటప్పుడు చెవులు వెనక్కి వాల్చి కరవడానికి వస్తుందో లేదో నిలబడి చూడండి. ముందు అమ్మేవారి మనిషినే ఎక్కమనండి. ఆ తరువాత మీ శిక్షకుడు, అన్నిటికంటే చివర మీరు. అమ్మేవారి మనిషి ఎక్కడానికి వెనుకాడిన గుర్రాన్ని మీరు ఎక్కవలసిన పని లేదు.

సుడుల గురించి నేను రెండు మాటలకు మించి చెప్పను. సైన్యంలో గుర్రాలను తీసుకునేటప్పుడు మేము కాళ్ళు చూశాము, కళ్ళు చూశాము, ఊపిరి చూశాము.

నంద్యాల_రైతు:
రిసాల్దారు గారి మాట కాదనే సాహసం చేయను కానీ, సుడిని పూర్తిగా కొట్టిపారేయడం కొనేవారికి మంచిది కాదు. మీకు నమ్మకం లేకపోయినా రేపు మీరు అమ్మవలసి వస్తే కొనేవారికి ఉంటుంది. పుష్కర్‌లోనూ, మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతలోనూ ఒక్క చెడ్డ సుడి కారణంగా చక్కని గుర్రం చవకగా పోవడం నేను చూశాను. నా సలహా ఏమిటంటే, శుభలక్షణం అని చెప్పి ధర పెంచిన గుర్రాన్ని విడిచిపెట్టండి, అశుభలక్షణం వల్ల ధర తగ్గిన గుర్రాన్ని మాత్రం శ్రద్ధగా చూడండి.

అసలు ఖర్చు కొన్న తరువాత మొదలవుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్ళు ఊరికే అనలేదు. 450 కిలోల గుర్రానికి రోజుకు సుమారు ఎనిమిది తొమ్మిది కిలోల ఎండుమేత కావాలి, మన ఎండాకాలంలో నీళ్ళు యాభై లీటర్లు దాటిపోతాయి. దీనికి తోడు ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కి లాడాలు మార్చాలి. లాడాలు వేసే మనిషి మీ ప్రాంతానికి వస్తాడా అన్నది గుర్రాన్ని చూడకముందే తెలుసుకోండి, ఎందుకంటే ఎద్దులకు నాడాలు కొట్టేవారు దొరికినంత తేలికగా గుర్రపు పని తెలిసినవారు దొరకరు. మరొక సంగతి, గుర్రం మందలో బతికే జీవి. ఒంటరిగా కట్టివేస్తే నిదానమైనది కూడా చెడిపోతుంది.

మాధవి_బ:
నేను ముప్పై ఎనిమిదో ఏట ఒక కథియవాడీ జాతి ఆడగుర్రాన్ని తీసుకున్నాను. దానికి ముందు చూసి వదిలేసిన వాటిలో ఒకదాని గురించి చెబితే మీకు ఉపయోగపడవచ్చు. మంచి తెల్లని నుక్రా గుర్రం. గులాబీ రంగు చర్మం, నీలి కళ్ళు, పిల్లవాడు వెళ్ళి కౌగిలించుకున్నా కదలనంత సాధువు. స్వారీ కూడా బాగానే జరిగింది. తిరిగి వస్తూ ఉండగా పక్క వీధిలో డప్పులు మోగాయి. వెంటనే అది నిలబడిన చోటనే ముందరి కాళ్ళు ఒకదాని తరువాత ఒకటి ఎగరేయడం మొదలుపెట్టింది. అప్పుడు అడిగితే, పెళ్ళి బరాత్‌లలో ఆడించేవారమని ఒప్పుకున్నారు. ఇటువంటి గుర్రాల నోరు తెరిపించి నాలుకను, పళ్ళు లేని చిగురు భాగాన్ని తప్పకుండా చూడాలి. ముళ్ళ కళ్ళెం వాడి ఉంటే అక్కడ పాత గాయాల గట్లు కనిపిస్తాయి, అలాంటి నోటికి మామూలు కళ్ళెం భాష తెలియదు. తెల్ల గుర్రాల గులాబీ చర్మం మన ఎండకు మాడిపోతుందన్న విషయం కూడా అమ్మేవారు తమంతట తాము చెప్పరు.

అందుకని స్వారీని మైదానంలో ముగించకండి. తోటి గుర్రాలను విడిచి ఒంటరిగా రోడ్డు మీదకు వస్తుందో రాదో, ఆటోలు, ట్రాక్టరు, వీధికుక్కలు ఎదురైతే ఏమి చేస్తుందో చూడండి. రెండోసారి వేరొక రోజున, వేరొక వేళకు, వీలైతే చెప్పకుండా వెళ్ళండి. మొదటి రోజు మత్తుమందు ఇచ్చి ఉంటే రెండో రోజున అసలు స్వభావం బయటపడుతుంది.

బెజవాడ_పశువైద్యుడు:
కొత్తరౌతు గారికి, మీ 78 కిలోలకు జీను బరువు కలిపితే దాదాపు 86 అవుతుంది. గుర్రం తన శరీర బరువులో ఐదో వంతుకు మించి మోయకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. ఆ లెక్కన మీకు కనీసం 430 కిలోల గుర్రం కావాలి. సన్నని మార్వాడీ చాలాసార్లు ఆ బరువు తూగదు, కాబట్టి ఎత్తు అంగుళాల్లో విని తృప్తి పడకుండా ఛాతీ చుట్టుకొలత తీయించి బరువు అంచనా వేయించండి.

వయసును పళ్ళతో నిర్ధారించేటప్పుడు జాగ్రత్త అవసరం. రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ళకు ముందరి పాలపళ్ళు జత జతగా ఊడి, ఐదేళ్ళకు నోరు నిండుతుంది. పదేళ్ళ దగ్గర పైదవడ చివరి కొరుకుడు పన్ను మీద ఒక గాడి మొదలై, పదిహేనేళ్ళకు సగం దాకా, ఇరవైకి పూర్తిగా దిగుతుంది. ఐదేళ్ళు దాటిన తరువాత ఇవన్నీ అంచనాలే. పళ్ళను అరగదీసి, రంగు పెట్టి వయసు తగ్గించే మోసం చాలా పాతది. థరోబ్రెడ్ విషయంలో ఈ చిక్కు లేదు. దానికి ఆ జాతి గుర్రాల పుట్టుక వివరాలు నమోదు చేసే పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ పత్రం, మైక్రోచిప్ ఉంటాయి, చిప్ అంకెను యంత్రంతో చదివించి పత్రంతో సరిపోల్చుకోవచ్చు.

కాళ్ళ మీద చేత్తో నిమిరి చూసేటప్పుడు వాత గుర్తులు వెతకండి. వాత పెట్టారంటే ఆ చోట ఎప్పుడో కుంటు వచ్చిందని అర్థం. తరువాత ముఖాన్ని ఎదురుగా నిలబడి చూడండి. మన ప్రాంతాల్లో గుర్రాలను తవుడు మీద, వరిగడ్డి మీద పెంచుతారు. తవుడులో భాస్వరం మోతాదు సున్నపు ధాతువు (కాల్షియం) కంటే బాగా ఎక్కువ కనుక, శరీరం ఆ లోటును ఎముకల నుంచి లాగి పూడ్చుకుంటుంది. క్రమంగా ముఖపు ఎముకలు ఉబ్బి, దవడలు లావెక్కి, నడకలో స్థానం మారే కుంటు వస్తుంది. ఆ ఉబ్బును చూసి “బలమైన తలకట్టు” అని మెచ్చుకున్నవారు నాకు తెలుసు.

విశ్రాంతిలో గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. పరుగెత్తించి దించాక పావుగంటలో 60 లోపుకు రావాలి. కోస్తా వైపు కొనేవారు మరొకటి చూడాలి. పొడి ప్రాంతం నుంచి వచ్చిన కొన్ని గుర్రాలకు మన ఉక్కపోతలో చెమట పట్టడమే ఆగిపోతుంది, అటువంటి గుర్రం పని చేసిన తరువాత పొడిగా ఉండి ఎగశ్వాస తీస్తుంది. ఒంటి మీద చెమట లేకపోవడం మంచి దేహదారుఢ్యానికి గుర్తు అని ఎవరైనా అంటే నమ్మకండి.

రక్తపరీక్ష లేకుండా బేరం ముగించవద్దు. గ్లాండర్స్ అనే అంటువ్యాధికి పశువులలో చికిత్స లేదు, మనుషులకూ సోకుతుంది, తేలితే చట్టప్రకారం గుర్రాన్ని చంపవలసిందే. నమూనాను ప్రభుత్వ పశువైద్యుని ద్వారా హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించవచ్చు. దానితోపాటే జోరీగల వల్ల వ్యాపించే సర్రా అనే జబ్బుకు కూడా పరీక్ష చేయించండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో కాగితం మీద అడగండి.

లీడ్స్_తెలుగువాడు:
ఇంగ్లండులో నేను కొన్నప్పుడు పశువైద్యుడు ఐదు దశల్లో పరీక్షించాడు: నిలబెట్టి చూడటం, నడిపించి ట్రాట్ చేయించడం, స్వారీలో శ్రమ పెట్టడం, విశ్రాంతి ఇవ్వడం, మళ్ళీ ట్రాట్ చేయించడం. చల్లబడిన తరువాత చేయించే ఆ రెండో ట్రాట్‌లోనే దాగిన కుంటు బయటపడుతుంది. అప్పుడే తీసిన రక్తాన్ని ఆరు నెలలు భద్రపరుస్తారు. కొన్న తరువాత గుర్రం ప్రవర్తన మారితే, అమ్మేరోజున నొప్పిమందు గానీ మత్తుమందు గానీ ఇచ్చారా అని ఆ నమూనాను పరీక్షించవచ్చు. ఈ పద్ధతిని హైదరాబాదులో మీ వైద్యునితో మాట్లాడి కొంతవరకైనా అమలు చేయించుకోవడానికి అడ్డేమీ ఉండకూడదు. పరీక్షించే వైద్యుడు అమ్మేవారి వైద్యుడు కాకూడదన్నది మాత్రం మరువవద్దు.

కొత్తరౌతు:
అందరికీ కృతజ్ఞతలు. రెండింటినీ మా శిక్షకులతో కలిసి చూసి వచ్చాను. థరోబ్రెడ్ ముందరి ఎడమకాలి స్నాయువు దగ్గర వాపు చేతికి తగిలింది. ఎక్కబోతే గుండ్రంగా తిరిగింది. మార్వాడీ గుర్రానికి నాలుక మీద మచ్చలు ఉన్నాయి, ఛాతీ కొలత ప్రకారం బరువు 360 కిలోల దరిదాపుల్లో తేలింది. నా మనసు దాని లోపలికి వంగిన చెవుల దగ్గరే ఆగిపోయిందని ఒప్పుకుంటాను. అయితే అనుకోకుండా మూడోది కనిపించింది. అజీజ్‌నగర్ వైపు పోలో ఆడి మానేసిన 13 ఏళ్ళ గెల్డింగ్ (బీజాలు తీసిన మగగుర్రం), బరువు 440 దాకా ఉంటుందట. చూడటానికి సాదాగా ఉంది. నేను కాంటర్‌లో తూలినప్పుడు తనంతట తానే నెమ్మదించింది. వెనక కాళ్ళ మడమల పైన మెత్తని ఉబ్బులు ఉన్నాయి, కుంటు లేదు. పోలో గుర్రం నాకు వేగం ఎక్కువ అవుతుందా అన్నదే సందేహం.

పాత_రిసాల్దారు:
పోలో గుర్రం ఒంటిచేతి పగ్గంతో, మెడ మీద పగ్గం ఆనితే తిరుగుతుంది, జీనులో మీ బరువు వెనక్కి జరిగితే ఆగుతుంది. అంటే మీరు రెండు చేతులతో నేర్చుకున్నది కొంత పక్కన పెట్టి కొత్త సంకేతాలు నేర్చుకోవాలి. వేగం సంగతి తెలుసుకోవాలంటే, మరో గుర్రం పక్కన దౌడు తీస్తూ ఉండగా దీనిని నడకలో ఉంచగలరేమో చూడండి. ఉంచగలిగితే తీసుకోండి. లేకపోతే అది ఇంకా మైదానం మరువలేదని అర్థం.

బెజవాడ_పశువైద్యుడు:
కుంటు లేని మెత్తని ఉబ్బులు ఆ వయసు పని గుర్రంలో సాధారణం, కానీ కీలు మడిచి ఒక నిమిషం పట్టి వదిలిన తరువాత ట్రాట్ చేయించి చూస్తే గానీ నేను హామీ ఇవ్వను. ఎముకల చిత్రం వెనక కాళ్ళకు తీయిస్తే సరిపోతుంది, నాలుగింటికీ అక్కరలేదు.

మాధవి_బ:
నెల రోజులు ఉన్నచోటనే ఉంచి, దాణా ఖర్చు మీరు పెట్టుకుని స్వారీ చేసేలా మాట్లాడుకోండి. బయానా ఇస్తే, వైద్య పరీక్షలో గానీ రక్తపరీక్షలో గానీ తేడా వస్తే మొత్తం తిరిగి ఇస్తామని రాయించుకోండి. కళ్ళెం, జీను దానివే అడగండి, ఎందుకంటే అలవాటైన నోటికి ఒకేసారి అన్నీ మార్చడం మంచిది కాదు.

కొత్తరౌతు:
దౌడు పరీక్ష నిన్న సాయంత్రం చేశాము. రెండుసార్లు తల ఎగరేసింది కానీ నడక తప్పలేదు. నెల రోజుల ఒప్పందానికి యజమాని అంగీకరించారు, బయానా షరతు కాగితం మీద రాశాము. రక్తనమూనా మంగళవారం మండల పశువైద్యాధికారి తీసుకుంటున్నారు. ఫలితం వచ్చేదాకా గుర్రాన్ని అక్కడి నుంచి కదిలించను.