మాయాబజార్‌కి 70 ఏళ్లు: మార్చి 27 షో ఏర్పాట్లు, వాలంటీర్ల థ్రెడ్

సాంస్కృతిక బృందం (కో ఆర్డినేటర్)

అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది. 2027 మార్చి 27, శనివారం. ఈస్టర్ సెలవులు కదా, మెల్‌బోర్న్‌లో సగం మంది ఊళ్లు పట్టుకుని పోతారు, తేదీ మార్చమని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. మార్చవద్దని నా మనవి. 'మాయాబజార్' విడుదలైంది 1957 మార్చి 27న. ఆ రోజుకి సరిగ్గా 70 ఏళ్లు నిండుతాయి, పైగా శనివారం. ఇంతకంటే మంచి ముహూర్తం పంచాంగంలో వెతికినా దొరకదు.

'గుండమ్మ కథ', 'మిస్సమ్మ' వేద్దామని కూడా కొందరు అన్నారు. రెండూ నాకు ప్రాణం. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలకి మొదటిసారి ఒక పాత తెలుగు సినిమా పెద్ద తెర మీద చూపిస్తున్నాం. వాళ్లు సూపర్ హీరోల సినిమాలు చూసి పెరిగినవాళ్లు. కంప్యూటర్ అన్న మాటే మనవాళ్లు వినని రోజుల్లో, మద్రాసు వడపళనిలోని వాహినీ స్టూడియోలో దర్శకుడు కె.వి.రెడ్డి గారి బృందం ఏం చేసిందో వాళ్ల కళ్లతో చూడాలి. చిన్న చిన్న ఇళ్లు కట్టి ద్వారక నగరం చూపించారు. ఎస్.వి.రంగారావు గారు కూర్చుని తింటుంటే పళ్లేలు వాటంతటవే జరుగుతాయి, లడ్డూలు గాల్లో లేచి నోట్లోకి వెళ్తాయి. ఇది చూసి నవ్వని పసివాడు నాకు ఇంతవరకు కనపడలేదు.

ఇంకొక్క మాట సావిత్రి గారి గురించి. సినిమా రెండో భాగంలో ఆమె శశిరేఖ కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. పెళ్లి ముచ్చట పాటలో గమనించండి. చుట్టూ ఎవరూ లేరనుకున్నప్పుడు భుజాలు విరుచుకుంటాయి, నడక బరువెక్కుతుంది, చెయ్యి లేని మీసం మీదికి పోతుంది. ఎవరైనా వస్తే చాలు, అదే ముఖంలో రెప్పపాటులో సిగ్గు వచ్చి కూర్చుంటుంది. ఒకే మనిషి, ఒకే చీర, ఒకే నగలు. సుశీల గారి గొంతు మధ్యలో ఘంటసాల గారి గొంతు పలికినప్పుడు ఆమె పెదవులూ కళ్లూ ఎలా మారతాయో చూడండి. మేకప్‌తో వచ్చేది కాదది. ఆ క్లోజప్‌ని ఫోన్‌లో కాకుండా ఇరవై అడుగుల తెర మీద చూడాలన్నది నా కోరిక.

సినిమాకి ముందు అరగంట దూరదర్శన్ జ్ఞాపకాలకి ఇద్దామనుకుంటున్నాను. ఎవరు బాధ్యత తీసుకుంటారో ఇక్కడే చెప్పండి. హక్కుల సంగతి నేను చూస్తున్నాను. మనది టికెట్ లేని షో అయినా పబ్లిక్ షోనే, కాబట్టి యూట్యూబ్‌లో ఉన్నది దింపి వేసేయడం కుదరదు. హక్కుదారుల నుంచి రాతపూర్వకంగా అనుమతి రావాలి, వాళ్లిచ్చిన కాపీనే వేయాలి.

ఏవీ టీం

అక్కా, ప్రొజెక్టర్, సౌండ్ నేను చూస్కుంటా. ఒక్క డౌట్. 2010లో వచ్చిన కలర్ వెర్షన్ వేస్తే మంచిగుంటది కదా? మా పిల్లలు బ్లాక్ అండ్ వైట్ అంటే రెండు నిమిషాలు కూడా కూర్చోరు. సౌండ్ కూడా అందులో కొత్తగా చేసిన్రు. నేను హైదరాబాద్‌ల థియేటర్‌ల చూసిన, మస్తుగుండె. మూడు గంటలు పైన సినిమా అంటే అందరికీ టెన్షనే.

సీనియర్ల బృందం

నేను తెనాలి వాణ్ణి. ఈ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణి జంటలో చక్రపాణి గారిది మా తెనాలి పక్క ఐతానగరం, ఆ గర్వంతో రెండు మాటలు రాస్తున్నాను.

ఈ కథ వ్యాసభారతంలో లేదని మీ పిల్లలకి చెప్పండి. మన నాటకాల వాళ్లు అల్లుకున్న కథ. సినిమా కంటే చాలా ముందే సురభి వాళ్లు దీన్ని రంగస్థలం మీద ఆడేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన ఆ కుటుంబాలు తెర వెనక దారాలు, కప్పీలతోనే వస్తువుల్ని గాల్లో లేపేవారు. నేను చిన్నప్పుడు పందిట్లో ముందు వరసలో కూర్చుని చూశాను. మాయ అంటే నాకు మొదట అదే తెలుసు, సినిమా తర్వాత.

ఇంకో సంగతి. పాండవుల కోసమే ఇంత కథ నడుస్తుంది కదా, తెర మీద పాండవులు ఒక్కరు కూడా కనపడరు. షో అయ్యాక పిల్లల్ని ఇదే ప్రశ్న అడగండి, ఎవరు పట్టుకుంటారో చూద్దాం. బహుమతి నేనిస్తాను.

రంగుల గొడవ మీరు తేల్చుకోండమ్మా. నా ఓటు మాత్రం నలుపు తెలుపుకే.

సాంస్కృతిక బృందం (కో ఆర్డినేటర్)

బాబాయ్ గారూ, సురభి సంగతి సినిమాకి ముందు వేదిక మీద మీరే చెప్పాలి. అయిదు నిమిషాలు మీవి. కాదనకండి.

తమ్ముడూ, రంగుల వెర్షన్ మీద నాకు కోపం లేదు. దాని వల్లే ఈ సినిమా మళ్లీ థియేటర్లకి వచ్చింది, మీ తరం వాళ్లు చాలామంది పెద్ద తెర మీద చూశారు. కానీ అందులో నిడివి తగ్గించారు. 70 ఏళ్ల పండగ చేస్తూ కత్తిరించినది వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

రెండో కారణం వెలుగు. కెమెరా పట్టింది మార్కస్ బార్ట్‌లే. తెలుపుకీ నలుపుకీ మధ్య ఎన్ని మెట్లున్నాయో అన్నీ ఎరిగి దీపాలు పెట్టిన మనిషి. నౌకావిహారం పాట తీసుకో. నీళ్ల మీద వెన్నెల, పడవ అంచున మెరుపు, శశిరేఖ చెంప మీద పడీ పడనట్టున్న కాంతి. ఆ రాత్రిలో చాలా భాగం స్టూడియో ఫ్లోర్ మీద దీపాలతో పుట్టినదే. దాని మీద తర్వాత ఎవరో నీలం పూస్తే నీలం కనపడుతుంది, వెన్నెల వెనక్కి పోతుంది. నా కళ్లకి అంతే.

పిల్లలు కూర్చోరన్న భయం నాకు లేదు. మొదటి పది నిమిషాలు అటూ ఇటూ కదులుతారు. ఆ తర్వాత రంగు లేదన్న సంగతి వాళ్లే మర్చిపోతారు. ఘటోత్కచుడు వచ్చాక ఇక బయటికి రమ్మన్నా రారు. నిడివి మూడు గంటల పైచిలుకు కాబట్టి మధ్యలో పెద్ద విరామం ఇద్దాం. ఘటోత్కచుడు ద్వారకకి బయల్దేరే దగ్గర ఆపితే, తర్వాత ఏమవుతుందన్న ఆత్రంతో తిరిగి వస్తారు.

ప్రొజెక్టర్ విషయంలో నీకు ఒక్కటే గట్టిగా చెబుతున్నా. దయచేసి బొమ్మని సాగదీయొద్దు. ఆ రోజుల్లో సినిమా చట్రం దాదాపు 4:3, అంటే వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు. మన హాలు తెర వెడల్పాటిది. ఆటో సెట్టింగ్‌లో పెడితే రంగారావు గారు ఇంకా లావైపోతారు, సావిత్రి గారి ముఖం గుమ్మడికాయ అవుతుంది. జూమ్ చేస్తే తలలు తెగుతాయి, కిరీటాలున్న సినిమా ఇది. రెండు పక్కలా నల్లగా ఖాళీ ఉండనీ. ఎవరైనా వచ్చి "తెర నిండలేదు" అంటే నా దగ్గరికి పంపు.

ఏవీ టీం

సరే అక్కా, నువ్వు ఇంత చెప్పినంక ఇంకేం అంటా. బ్లాక్ అండ్ వైట్, ఫుల్ లెంగ్త్, 4:3 ఫిక్స్. ముందు రోజు గుడ్ ఫ్రైడే, హాలు తీస్తరో లేదో కనుక్కోవాలె. తీయకపోతే గురువారం రాత్రే ఒక రీలు మొత్తం వేసి చూస్తా. పాత మోనో సౌండ్ కదా, చుట్టూ స్పీకర్లు అన్నీ ఆన్ చేస్తే మాటలు గజిబిజిగా వినిపిస్తయి. ముందు స్పీకర్లతోనే నడిపిస్తా. కింద ఇంగ్లిష్ టైటిల్స్ ఉన్న కాపీ అడుగు, మా ఇంట్ల చిన్నోనికి కావాలె.

వంటల బృందం

అందరికీ నమస్తే. ఈ సినిమాకి వంట చేసే అదృష్టం ఎవరికి దొరుకుతుంది చెప్పండి! పాటలో ఉన్నవన్నీ చేయాలని మావాళ్ల పంతం. గారెలు, బూరెలు, అరిసెలు, లడ్డూలు, జిలేబీలు, అప్పడాలు, పులిహోర, దప్పళం, పాయసం. అరిసెలు ముందే చేసి డబ్బాల్లో పెడతాం. జిలేబీ బయట కొంటాం, హాల్లో నూనె మూకుడు పెట్టనివ్వరు. గారెలు ఇంటి దగ్గర వేయించి తెస్తే మెత్తబడతాయి. అందుకని పెరుగులో వేసి ఆవడలు చేస్తున్నాం, రుచికి రుచి, చల్లారినా ఫర్వాలేదు.

గోంగూర మాత్రం ఉండి తీరాలి. శర్మ, శాస్త్రి గోంగూర గురించి మాట్లాడుకునే సీను వచ్చినప్పుడు హాలంతా ఎలాగూ లొట్టలేస్తుంది. మార్చి నాటికి ఇక్కడ ఎండాకాలం అయిపోయి పెరటి గోంగూర గుబురుగా ఉంటుంది, ఫ్రోజెన్ అక్కర్లేదు. పెరట్లో ఉన్నవాళ్లు ఆ వారం తలో రెండు కట్టలు ఇవ్వండి. కోసి, కడిగి, ఆరబెట్టి ఇస్తే మీకు పుణ్యం.

భోజనం ఎప్పుడో తేల్చండి. ఆ పాట చూశాక రెండు గంటలు ఆగమంటే పిల్లలు మన మీదికొస్తారు.

యూత్ టీం

అందరికీ హాయ్. నా తెలుగు రాత కొంచెం స్లో, తప్పులుంటే సరిదిద్దండి. నేను ఈ సినిమా మా అమ్మమ్మతో కలిసి వీడియో కాల్‌లో చూశాను. ఆవిడ కాకినాడలో, నేను ఇక్కడ, ఇద్దరం ఒకేసారి ప్లే నొక్కాం.

నాకు అందులో అన్నిటికంటే ప్రియదర్శిని పెట్టె నచ్చింది. మూత తీస్తే ఎవరికి ఏది ఇష్టమో అది లోపల కనపడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు చూస్తే శకుని కనపడతాడు! అచ్చం లాప్‌టాప్‌లా ఉంది. ఢిల్లీలో టీవీ మొదలైంది 1959లో అని చదివాను. అంటే మన దేశంలో టీవీ రాకముందే ఈ సినిమాలో అలాంటి పెట్టె ఉంది.

మేం అలాంటి పెట్టె ఒకటి చెక్కతో చేస్తాం, పైన బంగారు రంగు కాగితం, లోపల ట్యాబ్లెట్. వచ్చే కుటుంబాలు ఇండియాలో ఉన్న అమ్మమ్మ, తాతయ్య, నానమ్మల ఫోటోలు ముందే మాకు పంపితే, ఆ ఇంటి పిల్లలు మూత తీసినప్పుడు వాళ్లే కనపడేలా చేస్తాం. వీలైతే చిన్న వీడియో కూడా, పేరు పెట్టి పిలిచినట్టు. ఫోటోలు షో అవ్వగానే డిలీట్ చేస్తాం.

రిజిస్ట్రేషన్ బృందం

దూరదర్శన్ అరగంట నాకివ్వండి, ప్లీజ్. నేను హైదరాబాద్‌లో పెరిగాను. మా నాన్న కొన్న మొదటి టీవీ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ. చెక్క తలుపులుండేవి, చూడటం అయిపోగానే తలుపులు మూసి, పైన అమ్మ అల్లిన లేసు గుడ్డ కప్పేవాళ్లం. శుక్రవారం సినిమా పాటల చిత్రలహరికి పక్కింటి వాళ్లంతా మా ముందు గదిలో. నేను చూసిన పాత సినిమాల్లో సగం శనివారం సాయంత్రం దూరదర్శన్ పెట్టిన భిక్షే.

క్లిప్పులకి అనుమతి తేవడం కష్టం కాబట్టి మనుషులతోనే చేద్దాం. నాకు శాంతిస్వరూప్ గారికి ఒక నివాళి పెట్టాలనుంది. 1983 నవంబర్ 14న హైదరాబాద్ కేంద్రం నుంచి తొలి తెలుగు వార్తలు చదివింది ఆయనే. టెలీప్రాంప్టర్ లేని రోజులు. వార్తలన్నీ కంఠస్థం చేసి, కెమెరా వైపు చూస్తూ, తడబడకుండా చెప్పేవారు. మా తాతయ్య ఆయన ఉచ్చారణ వినడానికే వార్తలు పెట్టించేవాడు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయారని తెలిసినప్పుడు మా ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

నా ఆలోచన: ఒక బల్ల, కుర్చీ, వెనక నీలం తెర. ఎవరైనా వచ్చి మన సంఘం వార్తలు పది వాక్యాలు చదువుకుని, కాగితం ఇచ్చేసి, చూడకుండా చెప్పాలి. పిల్లలకో విభాగం, పెద్దలకో విభాగం. ఋతురాగాలు, ఆనందో బ్రహ్మ సీరియల్స్ గుర్తున్నవాళ్లు మైకు దగ్గరికి వచ్చి తమకి గుర్తున్న సీను చెప్పొచ్చు. విరామంలో తెర మీద అప్పటి దూరదర్శన్ లాగే "అంతరాయానికి చింతిస్తున్నాం" అని స్లైడ్ వేద్దాం, దాన్ని చూసి ఎవరి వయసు ఎంతో తెలిసిపోతుంది.

సాంస్కృతిక బృందం (కో ఆర్డినేటర్)

అరగంట మీదే, రాసేసుకున్నాను. వార్తల ఆటకి పది వాక్యాలు ఎక్కువేమో, పిల్లలకి నాలుగు చాలు.

టైమింగ్ ఇలా పెడదాం. 3:30కి తలుపులు, 4కి దూరదర్శన్, 4:30కి బాబాయ్ గారి సురభి మాటలు, వెంటనే సినిమా. విరామం అరగంట. అప్పుడు పిల్లలకి పులిహోర, పెరుగన్నం చిన్న డబ్బాల్లో, పెద్దలకి ఆవడ, బూరె, కాఫీ. విందు పాట వచ్చేసరికి ఎవరి పొట్టా ఖాళీగా ఉండకూడదు. అసలు విస్తరి భోజనం సినిమా అయ్యాక, 8:30 ప్రాంతంలో. హాలు 10:30కల్లా ఖాళీ చేయాలి, కాబట్టి వడ్డనకి కనీసం ఎనిమిది మంది కావాలి. ఇప్పటికి నలుగురే పేర్లిచ్చారు.

యూత్ టీం, మీ పెట్టె ఆలోచన చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. చెక్క, రంగులు, కాగితం ఖర్చు సంఘం ఇస్తుంది. ఫోటోలు రిజిస్ట్రేషన్ ఫారంతో పాటే అడుగుదాం, ఇష్టం ఉన్నవాళ్లే పంపుతారు. పెద్దవాళ్లు లేని ఇళ్లు కూడా ఉంటాయి, పిల్లలు ఎవరిని చూడాలనుకుంటే వాళ్ల ఫోటో పంపమని రాయండి. పెట్టెని గుమ్మం దగ్గర కాకుండా లోపల కుడి మూల పెట్టండి, క్యూ తలుపుకి అడ్డం రాకుండా.

హక్కుల వాళ్లకి ఉత్తరం ఈ రాత్రి పంపుతున్నాను. పూర్తి నిడివి, నలుపు తెలుపు, ఇంగ్లిష్ టైటిల్స్ అని స్పష్టంగా అడిగాను. జవాబు రాగానే ఇక్కడ పెడతాను, అప్పటిదాకా పోస్టర్ బయటికి పంపవద్దు. వడ్డనకి పేర్లు, గోంగూర ఇచ్చేవాళ్ల పేర్లు దీని కిందే రాయండి.

సీనియర్ల బృందం

వడ్డనకి నన్ను రాసుకోండి. పప్పు, నెయ్యి నావి.