రింగులు మారిస్తే సరిపోతుందా, ఇంజిన్ బోరుకు వచ్చినట్టేనా?

మొయినాబాద్ జామతోట:
మాది మొయినాబాద్ దగ్గర నాలుగెకరాల జామతోట. వరుసల మధ్య దున్నడానికి మిత్సుబిషి శక్తి చిన్న ట్రాక్టర్ ఉంది. 18.5 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, డీజిలు. నాన్నగారు కొన్న బండి. కొమ్మల కింద దూరి వెళ్లగలిగేది మా దగ్గర ఇదొక్కటే.

ఈ ఎండాకాలం నుంచి నీలం పొగ వదులుతోంది. ఉదయం స్టార్ట్ చేయాలంటే బ్యాటరీ నీరసించేదాకా తిప్పాలి. రోటావేటర్ దించగానే ఇంజిన్ గొంతు పడిపోతోంది. ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి పొగ గుప్పుగుప్పున కొడుతోంది.

ముగ్గురిని అడిగితే మూడు మాటలు చెప్పారు. మా ఊరి మెకానిక్ పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, బేరింగులు మార్చి ఇచ్చేస్తానన్నాడు. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపువాళ్లు మూడు సిలిండర్లూ బోర్ చేసి, అంటే లోపలి గోడ కోసి వెడల్పు చేసి, ఓవర్‌సైజు (కాస్త పెద్ద) పిస్టన్లు వేయాలన్నారు. మా బావ అమ్మేసి కొత్తది తీసుకోమంటున్నాడు. అమ్మే ప్రసక్తి లేదు. మిగిలిన రెండింటిలో ఏది సరైనదో తెలిసినవారు చెప్పండి.

శంషాబాద్ కౌలు రైతు:
రింగులే మార్పించండి. నా పవర్ టిల్లర్‌కు అలాగే చేయించాను, రెండు పంటలు ఇబ్బంది లేకుండా నడిచింది. మీ బండి ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుంది? నాలుగెకరాలకు రెండు మూడు వందల గంటలు దాటదు. దానికోసం బ్లాకు (సిలిండర్లున్న ఇంజిన్ దిమ్మె) ఊడదీసి, సిటీకి మోసుకెళ్లి, బోరింగు, పిస్టన్లు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ అంటూ వేలకు వేలు పోయడం నాకు నచ్చదు. వర్క్‌షాపువాళ్లకు బోరింగు మిషను ఉంటుంది కాబట్టి ఎవరు వెళ్లినా బోరింగే చెబుతారు.

బాలానగర్ లేత్ పని:
ఆ చివరి మాటకు జవాబు చెప్పాలి. నాది బోరింగు పనే. ముప్పై ఏళ్లుగా చేస్తున్నాను. అవసరం లేని బ్లాకులను తిప్పి పంపిన రోజులు చాలా ఉన్నాయి.

సిలిండర్ పైనుంచి కిందిదాకా ఒకేలా అరగదు. పిస్టన్ పైకి వెళ్లి వెనక్కు మళ్లేచోట, అంటే పై రింగు ఒక్క క్షణం ఆగే చోట ఎక్కువ అరుగుతుంది. అక్కడ మంట వేడి ఎక్కువ, ఆయిల్ పొర పలచన. కింది భాగం దాదాపు కొత్తదానిలాగే మిగిలిపోతుంది. లోపల చూస్తే గరాటు ఆకారం. అందులో కొత్త రింగు వేస్తే పైకి వెళ్లినప్పుడల్లా విచ్చుకోవాలి, కిందికి వచ్చినప్పుడల్లా ముడుచుకోవాలి. నిమిషానికి రెండు వేలకు పైగా చుట్లు తిరిగే ఇంజిన్‌లో అది ఎన్నాళ్లు తట్టుకుంటుంది? పైగా సిలిండర్ నెత్తిన రింగు తగలని భాగం అరగకుండా గట్టులా నిలుస్తుంది. పాత రింగు ఆ గట్టుతో పాటే అరిగి సర్దుకుంది. పదునైన అంచున్న కొత్త రింగు దానికి కొట్టుకుని విరుగుతుంది. విరిగిన ముక్క సిలిండర్‌ను గీరేస్తే రింగుల ఖర్చూ పోయింది, బ్లాకూ పోయింది.

రైతుగారి టిల్లర్ రెండు పంటలు నడిచిందంటే దాని బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, ఎక్కువగా అరగలేదని అర్థం. ఈ బండి సంగతి వేరు కావచ్చు.

రాణిగంజ్ విడిభాగాలు:
ఇద్దరూ కొలతలు చూడకుండానే వాదిస్తున్నారు. జామతోట గారూ, ముందు కొలవండి.

నీలం పొగ కనిపించిన ప్రతి ఇంజినూ బోరుకు వచ్చినట్టు కాదు. వాల్వు గైడ్లు, సీళ్లు అరిగినా ఆయిల్ పైనుంచి కారి నీలం పొగే వస్తుంది. అది ముఖ్యంగా రాత్రంతా నిలిపిన బండిని తీసేటప్పుడు కనిపించి, తర్వాత తగ్గుతుంది. మీరు మూత దగ్గర పొగ కొడుతోందని రాశారు కాబట్టి రింగులను దాటి గ్యాస్ కిందికి వస్తోందన్నది నిజమే. ఎంత అరిగిందన్నదే ప్రశ్న.

బోరు కొలిచే డయల్ గేజ్ లేకపోయినా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. హెడ్ (సిలిండర్ల పై మూత) విప్పించి పిస్టన్లు బయటకు తీయించండి. ఎలాగూ తప్పని పని. ఒక కొత్త పై రింగు తీసుకుని, రింగులు ఎప్పుడూ తగలని అట్టడుగు భాగంలో పెట్టండి. పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని నెడితే రింగు వంకర లేకుండా కూర్చుంటుంది. రింగు రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సన్నని రేకుల కొలత సాధనం) కొలవండి. తర్వాత అదే రింగును పైన, గట్టుకు కాస్త దిగువన పెట్టి మళ్లీ కొలవండి. రెండింటి తేడాను 3.14తో భాగిస్తే వ్యాసంలో అరుగుదల తెలుస్తుంది. వ్యాసం 0.1 మిల్లీమీటరు పెరిగితే సందు 0.31 తెరుచుకుంటుంది, అందుకే సామాన్యమైన ఫీలర్ గేజ్‌కు కూడా దొరుకుతుంది.

మొయినాబాద్ జామతోట:
నిన్న రాణిగంజ్ వెళ్లి రింగుల సెట్టు, ఫీలర్ గేజ్ తెచ్చాను. మెకానిక్, నేను కలిసి పిస్టన్లు తీశాం. అడుగున మూడు సిలిండర్లలోనూ సందు 0.30 మిల్లీమీటర్లు. పైన ఒకటోదానిలో 0.85, రెండోదానిలో 0.40, మూడోదానిలో 0.45. మూడుసార్లు కొలిచాను.

ఒకటోదానిలో గట్టు గోటికి గట్టిగా తగులుతోంది. మిగతా రెండింటిలో ఉందో లేదో అన్నంత. లెక్క వేస్తే ఒకటోది 0.17 దాటి అరిగింది. మిగతావి 0.05 లోపే.

రాణిగంజ్ విడిభాగాలు:
రింగులా, బోరింగా అనే చర్చ కాసేపు ఆపండి. ఒక్క సిలిండరే ఎందుకు అరిగింది? అది తేలకపోతే ఏ పని చేయించినా మళ్లీ అక్కడే అరుగుతుంది.

ఎయిర్ ఫిల్టర్ నుంచి గానీ, ఫిల్టర్ దాటిన తర్వాత ఉండే రబ్బరు గొట్టం చీలిక నుంచి గానీ దుమ్ము వచ్చి ఉంటే మూడూ అరిగేవి, ఆ గాలి మూడింటికీ ఒకటే. ఒక్కటే అరిగిందంటే రెండు చోట్ల చూడాలి. ఒకటి, ఆ సిలిండర్ నాజిల్. డీజిలు పొగమంచులా చిమ్మకుండా చుక్కలుగా కారితే గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. రెండు, గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్ గొట్టానికి, హెడ్‌కు మధ్య అతుకులో ఉండే గాస్కెట్ పొర. ఆ సిలిండర్ దగ్గర లీకైతే ఫిల్టర్‌తో పని లేకుండా చేలోని దుమ్ము నేరుగా లోపలికి పోతుంది.

మొయినాబాద్ జామతోట:
నాజిళ్లు మూడూ టెస్టింగ్‌కు ఇచ్చాను. బాగానే చిమ్ముతున్నాయి, చుక్క కారడం లేదు.

మానిఫోల్డ్ విప్పగానే తెలిసిపోయింది. ఒకటో సిలిండర్ వైపు ఒక బోల్టు లేదు. ఎప్పుడు ఊడిపోయిందో ఎవరికీ తెలియదు. అక్కడ గాస్కెట్ చిటికెనవేలి గోరంత చిట్లింది. ఆ చీలిక నుంచి వాల్వు దాకా ఎర్రమట్టి చారగా అంటుకుని ఉంది. వేలితో తుడిస్తే జిడ్డుతో కలిసి కుంకుమలా వచ్చింది. ఎండాకాలంలో పొడి నేల మీద రోటావేటర్ తిప్పిన ప్రతి గంటా ఆ మట్టి లోపలికి పోయిందన్నమాట. రోజూ ఫిల్టర్ కడిగిన మనిషిని, పక్కనే ఉన్న ఖాళీ బోల్టు రంధ్రం చూడలేదు. చాలా బాధగా ఉంది.

ఇప్పుడు ఒక్కటే చెడిపోయింది కదా, ఒక్కటే చేయించవచ్చా?

బాలానగర్ లేత్ పని:
ఒక్కదాన్ని ఓవర్‌సైజు చేసి మిగతా రెండూ పాత సైజులో ఉంచకండి. పెద్ద పిస్టన్ బరువు వేరుగా ఉంటుంది. ఒకే క్రాంక్ మీద బరువులు తేడా పడితే అదురు పెరుగుతుంది. నా సలహా మూడూ ఒకే ఓవర్‌సైజుకు బోర్ చేయించమనే. 0.25 చాలనిపిస్తుంది, గేజ్ పెట్టి చూసి చెబుతాను. మళ్లీ పదేళ్లు విప్పనక్కర్లేదు.

రాణిగంజ్ విడిభాగాలు:
ఇక్కడ నేను ఒప్పుకోను. 0.05 కూడా అరగని రెండు మంచి సిలిండర్లను కోసేయడం దేనికి? ఒకటోదానికి స్లీవ్, అంటే కొత్త లోహపు గొట్టం, దింపి మళ్లీ అసలు సైజుకు తెస్తే మూడూ సమానం, పిస్టన్లూ ఒకే సైజు. మిగతా రెండింటికీ హోనింగ్ (రాయితో గోడ మీద సన్నని గీతలు పెట్టడం) చేసి కొత్త రింగులు వేయండి. వాటిని బోర్ చేసే అవకాశం ముందుముందు అలాగే మిగిలి ఉంటుంది. లోహాన్ని ఒకసారి కోశాక తిరిగి అతికించలేం.

శంషాబాద్ కౌలు రైతు:
నేను రాసింది ఒకటోదాని విషయంలో తప్పు. అందులో ఊరికే రింగులు వేయించి ఉంటే విరిగేవే. మిగతా రెండింటి విషయంలో నా మాటే నిలిచింది కదా.

బాలానగర్ లేత్ పని:
నిలిచింది, ఒప్పుకుంటున్నాను. స్లీవ్ పద్ధతి కూడా తప్పు కాదు, బిగువు సరిగ్గా కుదిరితే. వదులుగా దిగిన స్లీవ్ బ్లాకుకు వేడి అందించదు, పిస్టన్ పట్టేస్తుంది. అందుకే చవకగా చేసేవాళ్ల దగ్గరకు వెళ్లకండి.

ఎవరి దగ్గర చేయించినా ఒకటి గుర్తుపెట్టుకోండి. హోనింగ్ అయ్యాక డీజిలుతో కడిగి ఇచ్చేస్తారు. అది చాలదు. రాయి నుంచి రాలిన గరుకు పొడి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, డీజిలు దాన్ని కదపలేదు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్‌తో రుద్ది కడగాలి. తెల్లగుడ్డకు ఆయిల్ రాసి తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. బూడిదరంగు వచ్చినంతసేపూ మళ్లీ కడగాలి. తర్వాత వెంటనే ఆయిల్ పూయాలి, లేకపోతే గంటలో తుప్పు పడుతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఈ కడుగుడు దగ్గర తొందరపడ్డాను. ఆ ఇంజిన్ మూడు నెలలకే పొగతో తిరిగి వచ్చింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ మరిచిపోలేను.

ఇంకొకటి. బిగించాక రోజంతా ఖాళీగా తిప్పి ఉంచమని చెప్పేవాళ్లు ఉంటారు, వినకండి. బరువు లేకుండా తిరిగితే గోడలు అద్దంలా నునుపెక్కి రింగులు కూర్చోవు. వేడెక్కగానే తేలికపాటి దున్నకానికి పెట్టండి, బరువు మెల్లగా పెంచండి. మొదటి ఆయిల్‌ను త్వరగా మార్చేయండి.

మొయినాబాద్ జామతోట:
స్లీవ్‌కే నిర్ణయించుకున్నాను. ఒకటోదానికి స్లీవ్, మూడింటికీ కొత్త రింగులు, బేరింగులు. క్రాంక్ కొలిచాకే గ్రైండింగ్ మాట. మానిఫోల్డ్‌కు కొత్త గాస్కెట్, బోల్టులన్నీ కొత్తవి తీసుకున్నాను. లేత్ పని గారూ, అభ్యంతరం లేకపోతే బ్లాకు మీ దగ్గరకే తెస్తాను. సోమవారం ఉదయం ఆటో ట్రాలీలో వస్తుంది. కడిగేటప్పుడు నేనూ అక్కడే ఉంటాను, తెల్లగుడ్డ ఇంటి నుంచి తెచ్చుకుంటాను.