ఇజబెల్ ఉపేర్ సినిమా పేర్లకు తెలుగు: 'లేసు పనిమనిషి' సరైనదేనా?

ప్రశ్న: ఫ్రెంచి నటి ఇజబెల్ ఉపేర్ మీద వ్యాసానికి మూడు పేర్లు తెలుగు చేయాలి. 'లా దాంతెల్యేర్' (1977), 'లా పియానిస్త్' (2001), 'ఎల్' (2016). మొదటిదానికి 'లేసు పనిమనిషి' అనొచ్చా?

జవాబు: వద్దండీ, అంట్లు తోమే మనిషి అనుకుంటారు. 'దాంతెల్' అంటే లేసు. పన్ను అనే అర్థమున్న 'దాం' నుంచి పుట్టింది, అంచు పళ్లపళ్లుగా ఉంటుంది కదా. చివరి '-యేర్' స్త్రీని చెబుతుంది. మన '-గత్తె' దానికి దగ్గరిదే కానీ, అందగత్తె పక్కనే పొగరుగత్తె కూడా ఉంది. 'లేసు అల్లే అమ్మాయి' చాలు.

జవాబు: 'కుట్టే' అని మాత్రం రాయకండి. నరసాపురం లేసుకు కొక్కెం ఉన్న సూదితో దారాన్ని ఉచ్చులోంచి ఉచ్చుగా లాగుతారు. ఈ పేరుకు మూలం పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న, డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన చిత్రం. అందులో పని వేరు: కండెలకు చుట్టిన దారాలను దిండు మీద గుచ్చిన గుండుసూదుల చుట్టూ, జడ అల్లినట్టు, మెలేస్తూ దాటిస్తారు. రెండూ అల్లికలే. ఇంకో మాట: సినిమాలో ఉపేర్ పాత్ర పోమ్ లేసు అల్లదు, జుట్టు కత్తిరించే సెలూన్లో పని చేస్తుంది. పేరు చూసి కథ రాసేస్తే దొరికిపోతారు.

జవాబు: 'పియానిస్త్' ఆడామగా ఇద్దరికీ ఒకటే, ముందున్న 'లా' వల్లే ఆడమనిషని తెలుస్తుంది. తెలుగులో ఆ 'లా' ఉండదు కనుక ఒట్టి 'పియానిస్ట్' అంటే సగం పోతుంది. ఈ సినిమాకు ఆధారమైన ఎల్‌ఫ్రీడ యెలినెక్ జర్మన్ నవల పేరులోనైతే '-ఇన్' అనే స్త్రీ ప్రత్యయం ఉంది. 'పియానో పంతులమ్మ' అంటే బడి గుర్తొస్తుంది, కథానాయిక ఎరికా వియన్నా సంగీత కళాశాలలో ప్రొఫెసర్. 'పియానో వాయించే ఆవిడ' నయం. కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటిగా ఉపేర్ రెండో బహుమతి దీనికే, మొదటిది 1978లో.

జవాబు: 'ఎల్'కు 'ఆమె'. 'ఆవిడ' అంటే ఫ్రెంచిలో లేని మన్నన చేరుతుంది. ఫ్రెంచిలో బల్ల కూడా 'ఎల్'. మనకూ ఆమె వచ్చింది, బండి వచ్చింది, క్రియ ఒకటే. అయినా ఆడమనిషిని 'అది' అంటే చనువో తిట్టో అవుతుంది. ఆస్కార్ నామినేషన్ తెచ్చిన పాత్రను అలా పిలవలేం.

ప్రశ్న: ఇంటిపేరు హప్పర్ట్ కాదా?

జవాబు: కాదండీ. మొదటి 'హ', చివరి 'ట' రెండూ పలకవు. 'ఇ' అనే చోటే నాలుక ఉంచి పెదవులు 'ఉ'కు చుడితే ఆ మొదటి అచ్చు వస్తుంది. దానికి మనకు అక్షరం లేదు. 'యు' రాస్తే లేని యకారం దూరుతుంది, 'ఉపేర్' అనే రాయండి.